మూడో దీవెన

సాయంత్రం దీపం పెట్టాక, ఆ రోజు నాకు అందినవాటన్నిటికీ పేరుపేరునా దండం పెట్టుకోవడం నా అలవాటు. బిందె నింపి పెట్టిన పక్క వాటావాళ్ళకి, మందులు తెచ్చిచ్చిన ఆటో ఆయనకి, ఇవాళ కూడా ఆగకుండా కొట్టుకున్న నా గుండెకి. ఆ వరసలో మా తమ్ముడి పేరు వచ్చేసరికి మాత్రం తొందరపడతాను. పేరు అనేసి ముందుకి వెళ్ళిపోతాను. అక్కడ ఆగితే ఇంకో మాట చెప్పాలి. ఆ మాట కొన్నేళ్ళుగా చెప్పలేదు. దేవుడికి తెలియదా అంటే తెలుసు. తెలిసినవాడికి చెప్పకపోతే అది దాచడం అవుతుందా? అవుతుందనే అనుకుంటాను. కాకపోతే ఆ పేరు దగ్గర నాకు తొందరెందుకు?

మీకు చెబుతాను. ముందు మీకు నవ్వు రావచ్చు. ఇది ఒక ఆటలో జరిగింది. ఆటలో ఒక మనిషి నన్ను సాయం అడిగింది. నా దగ్గర ఉంది. లేదన్నాను. అంతే. కానీ నా మాట నమ్మి మా తమ్ముడు తన లెక్కలన్నీ తప్పనుకున్నాడు. బాగున్నదాన్ని చెడగొట్టుకున్నాడు. ఇప్పుడు ఆ చెడగొట్టినదాన్నే అచ్చుకి ఇవ్వబోతున్నాడు. వచ్చే వారమే. అందుకే ఇక ఆగలేను.

మాది నరసాపురం. చిన్నప్పుడు జ్వరం తగిలి నా గుండెలో కవాటం ఒకటి దెబ్బతింది. బడికి నడిస్తే ఆయాసం. మా మేనత్త ఇంట్లోనే కూర్చోబెట్టి చదువు చెప్పింది, చదువుతోపాటు లేసు అల్లడం నేర్పింది. ఆవిడ దయవల్ల నాలుగు పుస్తకాలు చదువుకోగలను, నా తిండి నేను సంపాదించుకోగలను. మిగతావన్నీ ఎవరో ఒకరు తెచ్చిచ్చినవే. నీళ్ళు, మందులు, కూరలు, రేవు దాకా వెళ్ళాలంటే తోడు. ఫిర్యాదుగా అనడం లేదు. ఇంతమంది ఇవ్వడం ఎందరికి దొరుకుతుంది?

కరోనా వచ్చినప్పుడు తమ్ముడు గోపిని ఆఫీసువాళ్ళు ఇంటి నుంచే పని చేసుకోమన్నారు. భార్య లావణ్యని తీసుకుని హైదరాబాద్ నుంచి మా ఇంటికి వచ్చేశాడు. వాడు అక్కడ స్నేహితులతో ఒక రకం ఆట నేర్చుకున్నాడు. ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్ళు ఆ కథలో మనుషులవుతారు. నేను ఈ పని చేస్తాను అని చెప్పాలి. అది జరిగిందో లేదో పాచిక చెబుతుంది. ఇరవై ముఖాల పాచిక, అంతకు ముందు నేనెప్పుడూ చూడలేదు. ఆ పద్ధతి తీసుకుని గోపి మన లంకలు, మన గోదారి పాయలు, మన వరదలు పెట్టి తెలుగులో తనదంటూ ఒక ఆట తయారు చేస్తున్నాడు. ఎప్పటికైనా దాన్ని అచ్చు వేయించాలని వాడి కోరిక. చిన్నప్పటినుంచీ వాడు ఏదీ ఇంతగా కోరుకోవడం నేను చూడలేదు. వాడి ఆట నిలుస్తుందో లేదో పరీక్షించడానికి మేం ముగ్గురం దొరికాం. నేను, లావణ్య, పక్క వాటాలో ఉండే మాణిక్యం గారు.

మాణిక్యం గారిది చేపల వ్యాపారం. బజారు మూసేశారు కాబట్టి మధ్యాహ్నాలు ఖాళీ. ఆటలో పడవ నడిపే మనిషిగా ఉంటానన్నారు. వేటకెళ్ళే ఇంట్లో పుట్టి కూడా నిజం పడవ ఎక్కితే వాంతులట ఆవిడకి, కనీసం ఇక్కడైనా పరువు దక్కనీ బాబూ అనేవారు. లావణ్య కత్తిసాము చేసే మనిషి. కొండమ్మ అని పేరు పెట్టుకుంది. నాకు గోపి దీవెనలు ఇచ్చే పని అప్పగించాడు. నేను పేరు ఆలోచించుకునేలోపే వాళ్ళు దీవెనమ్మా అని పిలవడం మొదలుపెట్టారు.

ఆటలో ఒక పొద్దు నుంచి మరో పొద్దు దాకా నాకు మూడు దీవెనలు. మళ్ళీ తెల్లవారి, అందరూ నిద్ర లేస్తే తప్ప కొత్తవి రావు. నేను దీవించినవాళ్ళు పాచిక వేసినప్పుడు నాలుగు ముఖాల చిన్న పాచిక ఒకటి అదనంగా వేసి ఆ అంకె కలుపుకోవచ్చు. ఒకసారికి ఒక్కరినే దీవించాలి. నా మీద దెబ్బ పడితే మనసు చెదిరి దీవెన రాలిపోతుంది, మళ్ళీ ఇవ్వాలంటే ఇంకోటి ఖర్చు. ఇచ్చాను అన్న తరవాత కూడా, తీసుకున్నవాళ్ళకి ఇరవై ముఖాల పాచికలోనే పెద్ద అంకె పడి, దీవెన లేకుండానే సరిపోతే వెనక్కి తీసుకోవచ్చు. గుర్తు కోసం మూడు చింతపిక్కలు, వాటిని పెట్టుకోవడానికి మేనత్త ఇచ్చిన పాత కుంకుమ భరిణె. ఎవరి శక్తి వాళ్ళ దగ్గరే, మూత తీసి చూపించక్కర్లేదు. అడిగితే చెప్పాలి, చెప్పింది నమ్మాలి. అది గోపి పెట్టిన నియమం.

ఈ మూడింటిని సర్దుకోవడం నాకు మొదట్లో ఎంత బెంగగా ఉండేదో చెప్పలేను. ఇప్పుడిస్తే తరవాత ఎలా? ఇవ్వకపోతే ఇప్పుడే పోతారేమో? రెల్లుపొదలో ఏదో కదిలిందంటే గుండె దడ. మెల్లగా తెలిసొచ్చింది. దీవెన పోరు మధ్యలో కంటే పోరుకి ముందు ఇస్తే ఎక్కువసేపు పనికొస్తుంది. చిన్న పురుగులకి ఖర్చుపెట్టకూడదు. నేను వెనకనే ఉండాలి, దెబ్బ తగలనివ్వకూడదు. ఇంట్లో కూర్చునే మనిషికి అలా వెనకనుంచి అందరినీ కాయడం ఎంత గొప్పగా ఉంటుందో మీరు ఊహించుకోండి. ఆ కథలో నేను మైళ్ళకి మైళ్ళు నడిచాను.

లావణ్యది దీనికి పూర్తిగా వ్యతిరేకమైన పద్ధతి. కొండమ్మకి పొద్దుకి ఒక్కసారే పూనకం తెచ్చుకునే శక్తి ఉండేది. పూనకంలో ఉన్నంతసేపు దెబ్బలు సగమే తగులుతాయి. ఆ శక్తిని ఎప్పుడూ మొదటి పోరులోనే వాడేసేది, నక్కలు ఎదురైనా సరే. తరవాతో అంటే, మీరున్నారుగా వదినా అనేది. అందరూ నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని. నవ్వుతూనే, భరిణె మూత మీద వేలు నొక్కి పెట్టేదాన్ని.

ఆ రోజు కథ ఇలా ఉంది. వరద వస్తోంది. లంకలో జనాన్ని పాయ దాటించి ఈ గట్టుకి చేర్చాలి. నీళ్ళలోంచి భూతాలు లేచి వెంటపడుతున్నాయి. పొద్దున్నే రెల్లులో ఒక పోరు అయింది. కొండమ్మ పూనకం అక్కడే ఖర్చు, నా మొదటి దీవెనా అక్కడే. పడవ మీద మాణిక్యం గారికి రెండోది ఇచ్చాను. అల కొట్టి నేను పడ్డాను, దీవెన రాలిపోయింది. పడవ తిరగబడుతోంది, అందరూ ఒకేసారి అరుస్తున్నారు, నేను మూడోది ఇస్తున్నానన్నాను. ఈలోపు మాణిక్యం గారి పాచిక పందొమ్మిది పడింది. దీవెన అక్కర్లేకపోయింది. ఆ సందడిలో నేను చింతపిక్కని మళ్ళీ భరిణెలో వేసుకున్నాను. నియమం ప్రకారమే. కానీ పైకి ఏమీ అనలేదు. ఎవరూ అడగలేదు.

జనం గట్టెక్కారు. వాళ్ళు ఊళ్ళోకి చేరేదాకా గట్టు మీద ఎవరో ఒకరు భూతాలని ఆపాలి. కొండమ్మ నిలబడింది. అప్పటికే బాగా దెబ్బలు తిని ఉంది. ఇంకొక్క దెబ్బ తప్పించుకుంటే చాలు.

"వదినా, ఒక్క దీవెన," అంది లావణ్య. గుప్పిట్లో పాచిక ఆడిస్తోంది. నవ్వడం లేదు.

"లేదమ్మా," అన్నాను.

గోపి తలెత్తి చూశాడు. "అదేంటక్కా, ఒకటుండాలే. పడవలో రెండోసారి ఇచ్చింది వెనక్కి తీసుకున్నావు కదా."

"తీసుకోలేదురా. అక్కడే అయిపోయింది."

"తీసుకున్నావేమో అనుకున్నా."

"లేదు."

"దీవెనమ్మ దగ్గరే అయిపోతే ఇంక చేసేదేముంది," అన్నారు మాణిక్యం గారు. "కొండమ్మా, ఈతొచ్చా నీకు?"

"ఇనప కవచంతో ఈతేంటండీ," అని లావణ్య పాచిక వదిలింది.

కావాల్సిన అంకెకి రెండు తక్కువ పడింది.

గోపి పాచిక తీసి పక్కన పెట్టాడు. తరవాత కొండమ్మ ఎలా పడిపోయిందో, నీళ్ళు ఎలా మూసుకున్నాయో నెమ్మదిగా చెప్పాడు. మాణిక్యం గారు కొంగుతో కళ్ళద్దాలు తుడుచుకున్నారు. లావణ్య, పోన్లెండి, జనం దాటారుగా అంది. భరిణె నా ఒళ్ళో ఉంది. దాన్ని కదిలించడానికి భయం వేసింది. లోపల చప్పుడవుతుందని.

ఆ సాయంత్రం మేడ మీద ఆరేసిన బట్టలు తెచ్చి మడతపెడుతూ లావణ్య నాతో ఒక మాట అంది. బయట తను ఎవరి ముందూ గట్టిగా నిలబడలేదట, ఆఫీసులో ఎవరైనా గొంతు పెంచితే చాలు తనే తగ్గిపోతుందట. కొండమ్మ మాత్రం నిలబడేది అంది. మళ్ళీ కొత్త మనిషిని తయారు చేసుకోమంటే వద్దంది. నేను ఆమె మడతపెట్టిన బట్టలు మళ్ళీ విప్పి మడతపెట్టాను. వేరే పనేమీ తోచలేదు.

గోపి సంగతి ఇంకో రకం. వాడు లెక్క వేసుకునే ఆ భూతాల బలం పెట్టాడు. మా ముగ్గురికీ చివరి పోరు దగ్గర ఒక దీవెన మిగులుతుందని, ఆ ఒక్కటీ ఉంటే గండం గట్టెక్కడం అటూ ఇటూగా ఉంటుందని వాడి అంచనా. ఆ అంచనా అక్షరాలా నిజం. మిగిలింది. ఆ సంగతి నా ఒక్కదానికే తెలుసు. వాడు మాత్రం రెండు రోజులు ఆఫీసు పని మానేసి ఆ అంకెలతోనే కూర్చున్నాడు. నేను కాఫీ తీసుకెళ్ళి పక్కన పెట్టాను.

"నా లెక్కే తప్పక్కా," అన్నాడు. "దెబ్బకి దీవెన రాలిపోవాలన్నాను చూడు, అదే కొంప ముంచింది."

అప్పుడు చెప్పి ఉండొచ్చు. ఒక్క మాట. వాడు కోప్పడేవాడు కూడా కాదు, నవ్వేసి ఉండేవాడు. నేనేమన్నానో తెలుసా? పోనీలేరా, ఆటే కదా, అన్నాను.

వాడు నియమాలు మార్చాడు. దెబ్బ తగిలినా దీవెన రాలదు. మూడు కాదు, పోరుపోరుకీ కొత్తవి. కొత్త పద్ధతిలో ఇంకోసారి ఆడాం. నాకు బెంగ లేదు, సర్దుకోవాల్సిన పని లేదు, అడిగినవాళ్ళకి అడిగినన్ని. మాణిక్యం గారు మధ్యలోనే ఆవులించారు. ఇందులో ఎవరికీ ఏమీ కాదా బాబూ, నా పడవ ఒకసారన్నా తిప్పెయ్యి, నిద్రొస్తోంది, అన్నారు. గోపి నవ్వాడు గానీ ఆ నవ్వు వెనక వాడు నొచ్చుకోవడం నాకు కనిపించింది. ఆఫీసులు తెరిచాక వాళ్ళిద్దరూ వెళ్ళిపోయారు. ఆట సామాను పెట్టె వాళ్ళతో వెళ్ళి అక్కడ అటక ఎక్కింది.

ఎందుకు చేశాను?

చాలాకాలం నాకు నేను ఒక సమాధానం చెప్పుకున్నాను. మా ఇంట్లో కుంకుమ భరిణె ఖాళీ చెయ్యం. బియ్యం డబ్బా అడుగు దాకా గీకం, గుప్పెడైనా ఉంచుతాం. మేనత్త నాకు అక్షరాల కంటే ముందు నేర్పింది అదే. ఆ చెయ్యి అలవాటు కొద్దీ చివరి పిక్కని వదల్లేకపోయిందని, నాకు తెలియకుండానే లేదనేశానని. వినడానికి బాగుంటుంది. దేవుడి భయం ఉన్న మనిషి చేసిన పొరపాటులా ఉంటుంది. కానీ అలవాటు చెయ్యిని ఆపుతుంది గానీ, అక్కడే అయిపోయిందిరా అని పడవ పేరు చెప్పి అబద్ధం కట్టదు కదా. ఆ భరిణెలో పిక్క ఉందని నాకు తెలుసు. గోపి అడిగినప్పుడు నా వేలు ఆ మూత మీదే ఉంది.

పోనీ భయమా? భూతాలు కొండమ్మని దాటి నా మీదకి వస్తే నాకూ ఒకటి కావాలి కదా అని? అదీ కొంత నిజం. ఆ కథలో నా కాళ్ళకి ఆయాసం లేదు. ఆ కాళ్ళని పోగొట్టుకోవాలని లేదు. కానీ అదే అయితే ఆ మాటే అనొచ్చు. నాకోసం ఉంచుకుంటున్నాను లావణ్యా, అంటే ఆటలో అదేమీ తప్పు కాదు. దీవెన నాది. ఇవ్వడం మానడం నా ఇష్టం. అబద్ధం ఎందుకు?

ఇంకా కిందికి దిగి చూసుకుంటే ఉన్నది ఇది. రాయడానికి సిగ్గుగా ఉంది. నా జీవితంలో అడిగేదాన్ని నేను, ఇచ్చేవాళ్ళు వాళ్ళు. ఎవరైనా ఖాళీ లేదంటే, సరేలెండి అని నవ్వి ఊరుకునేదాన్నీ నేనే. ఆ మధ్యాహ్నం మొదటిసారి ఒక ఆరోగ్యవంతురాలు, ఖర్చుకి వెనకాడని మనిషి, ఉన్నదంతా పొద్దున్నే వాడేసుకుని నా వైపు చెయ్యి చాచింది. లేదు అంటే ఎలా ఉంటుందో చూడాలనిపించింది. ఇవ్వగలిగి ఇవ్వకపోవడం ఎలా ఉంటుందో. ఒక్క క్షణం. ఆ క్షణం, అబద్ధం చెప్పను, బాగుంది. ఆ తరవాత పాచిక పడింది.

అందరికీ కృతజ్ఞత చెప్పుకునే మనిషిలో ఇది కూడా ఉందా? ఉంది. రోజూ దండాలు పెడుతూనే ఇన్ని రోజులు ఎవరి మీద కక్ష దాచుకున్నాను నేను? నాకు నీళ్ళు మోసినవాళ్ళ మీదా?

ఈ నెలలో గోపి ఫోన్ చేశాడు. పెట్టె మళ్ళీ తీశాడట. రాజమండ్రిలో ఒక ప్రెస్సువాళ్ళు కార్డులతో సహా వేసిస్తామన్నారట. సంబరపడ్డాను. ఏ పద్ధతిరా అన్నాను. కొత్తదేనక్కా అన్నాడు. స్నేహితులు చప్పగా ఉందంటున్నారట, మొదటి పద్ధతిలో ఉన్న బిగువు దీంట్లో లేదని వాడికీ తెలుసట. కానీ అది మనుషుల్ని చంపేసే లెక్క, కొన్నవాళ్ళు మొదటి ఆటకే తిట్టుకుంటారు అన్నాడు. నేను ఊఁ అన్నాను. ఫోన్ పెట్టేశాక ఆ పూట లేసు ముట్టుకోలేదు.

ఇక్కడిదాకా రాసి ఆపాను. మీకు చెప్పి వాడికి చెప్పకపోతే ఇది కూడా ఇంకో రకం దాచుకోవడమే అనిపించింది. లేచి ఫోన్ తీసుకున్నాను. గోపి ఎత్తగానే, ఆపుకోలేక, ముందు మాటలేమీ లేకుండా చెప్పేశాను. పడవలో మూడోది వెనక్కి తీసుకున్నాను, గట్టు మీద కొండమ్మ అడిగినప్పుడు నా దగ్గర ఉంది, అబద్ధమాడాను, నీ లెక్క తప్పు కాదు, అని. మధ్యలో ఆయాసం వచ్చింది. వాడు మామూలుగా అయితే, మందు వేసుకున్నావా అనేవాడు. అనలేదు.

వాడు అన్నది ఇది. ఆ రోజు రెండు తక్కువ పడిందట. నాలుగు ముఖాల్లో ఒకటి పడితేనే పోయేది, మిగతా మూడింట్లో ఏది పడ్డా కొండమ్మ బతికేదట. తిట్టలేదు. లెక్క చెప్పాడు. ఎందుకక్కా అన్నాడు తరవాత. ఇవ్వకుండా ఉండాలనిపించిందిరా అన్నాను. లావణ్యకి నువ్వే చెప్పు అని ఫోన్ పెట్టేశాడు. ప్రెస్సువాళ్ళని ఆపుతాడో లేదో చెప్పలేదు. నేను అడగలేదు. అది ఇంక వాడి ఇష్టం.

లావణ్య ఆఫీసు నుంచి వచ్చే వేళయింది. నంబరు నొక్కుతాను, ఇది రాయడం అవగానే. ఏమంటుందో తెలియదు. వదినా అని పిలవడం మానేస్తుందేమో. మానేస్తే మానేసే హక్కు ఆమెకుంది. గోపిని క్షమించమని అడగలేదు, ఆమెనీ అడగను. బతుకంతా అడిగి తీసుకున్నదాన్ని, ఈ ఒక్కటి కూడా వాళ్ళ చేతే ఇప్పించుకోవాలని లేదు. కాకపోతే, అబద్ధమాడాను అన్న మాట ఇవాళ నా నోటి నుంచి నేను విన్నాను. నా గొంతే. గుర్తుపట్టాను.